ఉప్పుగాలిలో గృహవాహనం: బాహ్య సంరక్షణకు కొన్ని సూచనలు

ప్రయాణంతో పాటు నివాసానికి కూడా వీలుగా పడక, వంటగట్టు, నీటితొట్టె అమర్చిన మోటారు వాహనాన్ని గృహవాహనం అనవచ్చు. వాడుకలో దీనిని క్యారవాన్ అనీ, మోటారు హోమ్ అనీ అంటారు. మన దేశంలో ఇటువంటి వాహనాల ఆమోదానికి ఏఐఎస్-124 అనే ప్రత్యేక ప్రమాణం ఉన్నది. విశాఖపట్నం నుంచి భువనేశ్వర్, పూరీల వైపు 16వ నంబరు జాతీయ రహదారిపై సాగే యాత్రికులకు గోపాల్‌పూర్ సముద్రతీరం, రంభ వద్ద చిలికా ఒడ్డు సహజమైన మజిలీలు. అందుచేత ఈ వాహనాలు బరంపురం మీదుగా వస్తూ పోతూ ఉంటాయి.

సొంతంగా గృహవాహనం లేనివారికి కూడా ఈ వ్యాసంతో పని ఉన్నది. ఫలహారాలు అమ్మే వ్యాన్లు, వంట సామగ్రితో తీర్థయాత్రలకు వెళ్లే మినీ బస్సులు, సంచార దుకాణాలు నిర్మాణంలో గృహవాహనానికి దాయాదులే. లారీ లేదా వ్యాను చట్రం మీద రేకు, ప్లైవుడ్, ఫైబర్‌లతో ఒక గదిని నిలబెట్టడం వీటన్నింటికీ సమానం. ఇంజను చెడితే బండి ఆగి, ఆ సంగతి తానే చెబుతుంది. పైకప్పు అతుకులో చీలిక పడితే ఏ శబ్దమూ రాదు. రెండు వానాకాలాలు గడిచేసరికి లోపలి చెక్క కుళ్లి, గోడ చేతికి మెత్తగా తగిలినప్పుడు గాని యజమానికి తెలియదు. అప్పటికి మరమ్మతు ఖర్చు గుదిబండ అవుతుంది. బండి మీదనే జీవనం సాగించే కుటుంబానికి అది నెలల తరబడి ఉపాధి లేకుండా పోవడమే.

ఉప్పు చేసే పని

బరంపురం నుంచి గోపాల్‌పూర్ సుమారు 16 కిలోమీటర్లు. కెరటాలు విరిగినప్పుడు లేచే సన్నని తుంపరను గాలి లోతట్టుకు మోసుకొస్తుంది. అందులోని నీరు ఆవిరై, ఉప్పు మాత్రం వాహనం మీద కంటికి కనబడని పొరగా నిలుస్తుంది. హుమ్మా, గంజాం పరిసరాల ఉప్పు మడుల్లో ఎండా గాలీ కలిసి చేసే పనినే మన బండి మీద కూడా చేస్తాయి. తేడా ఒక్కటే: అక్కడ ఉప్పును ఎప్పటికప్పుడు ఎత్తివేస్తారు, ఇక్కడ అది పేరుకుంటూనే ఉంటుంది.

వానాకాలంలో వంటింటి జాడీలోని ఉప్పు తనంతట తానే చెమ్మగిల్లడం ప్రతి గృహిణి ఎరిగినదే. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే ఉప్పు నీటిని పీల్చుకొని కరగడం మొదలుపెడుతుంది. తీరప్రాంతంలో ఏడాదిలో అధికభాగం రాత్రివేళల్లో ఇంత తేమ ఉంటుంది. కాబట్టి వాన పడకపోయినా, ఉప్పు పట్టిన వాహనం ప్రతి రాత్రీ తడుస్తున్నట్టే లెక్క. ఆ ఉప్పునీరు విద్యుత్తును సులభంగా ప్రసరింపజేస్తుంది. ఇనుము తుప్పుపట్టడం ప్రాథమికంగా ఒక విద్యుద్రసాయన చర్య గనుక, మంచినీటి తడి కంటే ఉప్పునీటి తడి దానిని ఎంతో వేగవంతం చేస్తుంది.

గృహవాహనాల్లో మరొక చిక్కు ఉన్నది. గోడలకు అల్యూమినియం రేకు, బిగింపునకు ఉక్కు మరలు వాడడం పరిపాటి. రెండు వేర్వేరు లోహాలు తాకుతూ ఉప్పునీటిలో తడిస్తే, వాటిలో చురుకైన లోహం ముందుగా క్షయిస్తుంది. ఇక్కడ ఆ నష్టం అల్యూమినియంది. మర తలచుట్టూ తెల్లని పొడి, రంగు కింద చిన్న బొబ్బలు కనబడితే ఈ చర్య మొదలైనదని గుర్తించాలి. మర కింద ప్లాస్టిక్ లేదా రబ్బరు వాషరు వేయడం, మర తలను సీలెంటుతో మూయడం దీనికి నివారణ.

మన ఇసుక స్వభావం

ఛత్రపురం వద్ద ఐఆర్ఈఎల్ (ఇండియా) సంస్థ తీరపు ఇసుక నుంచి ఇల్మనైట్, జిర్కాన్, గార్నెట్ వంటి ఖనిజాలను వేరుచేస్తున్న సంగతి విదితమే. వీటిలో గార్నెట్ ఎంత కఠినమైనదంటే, పరిశ్రమల్లో ఉక్కు మీది తుప్పును, పాత రంగును గీకివేయడానికి దానిని గాలితో చిమ్మి వాడతారు. గోపాల్‌పూర్ నుంచి తిరిగివచ్చిన వాహనం మీద పొడిగుడ్డతో దుమ్ము తుడవడం ఎంత అనర్థమో దీనినిబట్టి గ్రహించవచ్చు. ఆ గుడ్డ ఎమరీ కాగితంలా పనిచేస్తుంది. రంగు మీద పడే సన్నని గీతలే తరువాత ఉప్పుకు దారులవుతాయి. ఇసుకను ముందుగా నీటితో జార్చాలి. ఆ తరువాతనే గుడ్డ తాకాలి.

వాహనాన్ని తడి ఇసుక మీదికి తోలడం ఎన్నడూ తగదు. చక్రాలు విసిరిన ఉప్పు ఇసుక చట్రం మూలల్లోను, బ్రేకు గొట్టాల మీదను, స్ప్రింగు పట్టాల నడుమను దట్టంగా కూరుకుపోతుంది. ఇది మన సొంత నష్టానికి సంబంధించిన మాట. ఋషికుల్య సంగమం వద్ద ఆలివ్ రిడ్లే తాబేళ్లు వేల సంఖ్యలో గుడ్లు పెడతాయని 1994లో శాస్త్రజ్ఞులు గుర్తించారు. ఆ తీరంలో చక్రాలు గుడ్ల గుంతలను నలిపివేస్తాయి. దీపాలు సముద్రం వైపు వెళ్లవలసిన పిల్లలను దారి తప్పిస్తాయి. వాహనాన్ని రోడ్డుమీదనే నిలిపి తీరానికి కాలినడకన వెళ్లడం ఉభయతారకం.

కడిగే పద్ధతి

తీరం నుంచి వచ్చిన రోజుననే, వీలుకాకపోతే మరునాడు, వాహనాన్ని మంచినీటితో కడగాలి. మామూలు వాడకంలో పదిహేను రోజులకొకసారి చాలు. ఎండలో కాలిపోతున్న రేకు మీద నీరు పోస్తే సబ్బు అక్కడికక్కడే ఎండి మరకలవుతుంది; కాబట్టి ఉదయమో, సాయంత్రమో నీడలో కడగడం మంచిది.

మొదట పై నుంచి కిందికి నీరు పోసి ఇసుకను జార్చాలి. తరువాత రెండు బకెట్లు పెట్టుకోవాలి: ఒకదానిలో వాహనాల షాంపూ కలిపిన నీరు, మరొకదానిలో మంచినీరు. మెత్తని గుడ్డను షాంపూ నీటిలో ముంచి కొంత భాగం రుద్దిన తరువాత, మంచినీటి బకెట్టులో జాడించి మాత్రమే మళ్లీ షాంపూలో ముంచాలి. ఇలా చేస్తే ఇసుక రేణువులు జాడింపు బకెట్టు అడుగున చేరతాయి గాని తిరిగి రంగు మీదికి రావు. బట్టల సబ్బుపొడి, పాత్రలు తోమే పొడి వాడరాదు. అవి మురికితో పాటు మైనపు పూతను కూడా తీసివేస్తాయి.

వాహనం అడుగుభాగాన్ని కడగడం చాలామంది మరచిపోతారు. తుప్పు మొదలయ్యేది అక్కడే. చక్రాల పై వంపులు, మెట్టు కింది భాగం, చట్రపు అడ్డకమ్మీలు, వెనుక నిచ్చెన మొదళ్లు ప్రత్యేకంగా కడగాలి. తలుపుల అడుగు అంచున నీరు పోయేందుకు చిన్న రంధ్రాలు ఉంటాయి. అవి మట్టితో పూడిపోతే తలుపు లోపల నీరు నిలుస్తుంది. సన్నని పుల్లతో వాటిని తెరవాలి. వాటర్ సర్వీసు దుకాణంలో కడిగించేటప్పుడు ఒత్తిడి నీటి ధారను అతుకుల మీదికి, కిటికీ అంచుల మీదికి, గాలి కన్నాల మీదికి సూటిగా కొట్టవద్దని పనివానికి ముందే చెప్పాలి. వానకు లొంగని అతుకు కూడా ఆ ధారకు విచ్చుకుంటుంది.

తీరగ్రామాల్లో బోరునీరు కొన్నిచోట్ల ఉప్పగా ఉంటుంది. ఒక గాజుపలక మీద చెంచాడు నీరు పోసి ఎండబెట్టి చూడవచ్చు. దట్టమైన తెల్లని పొర మిగిలితే, చివరి జాడింపునకు ఆ నీరు పనికిరాదు. కడిగిన తరువాత గుడ్డతో తుడిచి ఆరబెట్టాలి. లేకుంటే నీటిచుక్కలు సున్నపు మచ్చలవుతాయి.

వేసవిలో నీటి ఎద్దడి ఈ నగరానికి కొత్త కాదు. నిమిషానికి 12 లీటర్ల చొప్పున పారే గొట్టాన్ని అరగంట వదిలితే 360 లీటర్లు పోతాయి. 15 లీటర్ల బకెట్లు ఆరు వాడితే 90 లీటర్లతో పని ముగుస్తుంది. వీధి కుళాయి వద్ద గాని, చెరువుగట్టున గాని వాహనాలు కడగరాదు. నూనె, గ్రీజు, షాంపూ కలిసిన నీరు పదిమంది స్నానమాడే చెరువులోకి చేరకూడదు.

పైకప్పు, అతుకులు

గృహవాహనానికి పైకప్పే ప్రాణం. గాలి కన్నాలు, సౌరఫలకాలు, గుడారపు పట్టీలు, దీపాల తీగలు అన్నీ దానికి చిల్లులు పెట్టే అమర్చారు. ప్రతి చిల్లునూ సీలెంటు కాపాడుతున్నది. రోజంతా ఎండకు వ్యాకోచించి, రాత్రి సంకోచించే రేకుతో పాటు సీలెంటు కూడా సాగి ముడుచుకుంటూ, కొన్నేళ్లకు పెళుసెక్కి చీలుతుంది.

మూడు నెలలకొకసారి నిచ్చెన మీద నిలబడి, పగటి వెలుతురులో ప్రతి అతుకునూ చూడాలి. కప్పు మీద నడవడానికి వాహన నిర్మాత అనుమతించినదీ లేనిదీ ముందుగా తెలుసుకోవాలి. అనుమతి ఉన్నా పలక పరచి దాని మీదనే మోకాళ్లూనాలి. చీలిక కనబడిన చోట పాత సీలెంటు మీద కొత్తది పూయడం సులభమైన పనే, కాని నిలవని పని. పాతదానిని ప్లాస్టిక్ గరిటెతో పూర్తిగా తీసి, ఆ చోటును శుభ్రపరచి, ఆరిన తరువాతనే కొత్తది పూయాలి. మామూలు సిలికాన్ వాడేముందు ఆలోచించాలి: ఒకసారి సిలికాన్ పూసిన చోట మరే సీలెంటూ సరిగా అతుక్కోదు. కప్పు రబ్బరు పొరతో చేసినదైతే పెట్రోలు, కిరోసిన్, టర్పెంటైన్ వంటివి దానిని తాకరాదు. ఆ పొర ఉబ్బి పాడవుతుంది.

లోపలి వైపు కూడా చూడాలి. సీలింగు మూలల్లో గోధుమరంగు మరక, మూసిన వాహనం తెరవగానే ముక్కవాసన, వేలితో నొక్కితే లొంగే గోడ, ఈ మూడింటిలో ఏది కనబడినా నీరు దిగుతున్నదని నిశ్చయించుకోవాలి. నీరు దిగిన చోటే చిల్లు ఉండదు. కప్పు పల్లం వైపు పారి, దూరంగా ఎక్కడో బయటపడవచ్చు. కాబట్టి మరకకు ఎగువ వైపు ఉన్న అతుకులన్నీ పరీక్షించాలి.

తుప్పును తొలిదశలో ఆపడం

ఋణశేషం, అగ్నిశేషం, శత్రుశేషం ఉంచరాదని పెద్దల మాట. ఈ జాబితాలో తుప్పుశేషాన్ని కూడా చేర్చవచ్చు. తుప్పు మీదనే రంగు పూస్తే లోపల అది విస్తరిస్తూనే ఉంటుంది. రంగు లేచిన చోటును మెరిసే లోహం కనబడేదాకా ఎమరీ కాగితంతో గీకి, దుమ్ము తుడిచి, తడి లేని రోజున ప్రైమరు, దాని మీద రంగు పూయాలి. ఉక్కుకు రెడ్ ఆక్సైడ్ ప్రైమరు సరిపోతుంది. అల్యూమినియానికి, జింకు పూత రేకుకు వాటికి తగిన ప్రైమరు వేరుగా ఉంటుంది; దుకాణంలో లోహం పేరు చెప్పి అడగాలి. జింకు పూత రేకులో చిన్న గీత పడితే చుట్టూ ఉన్న జింకు తాను క్షయిస్తూ ఉక్కును కొంతకాలం కాపాడుతుంది. ఆ గడువును భద్రత అనుకోరాదు. అది మరమ్మతుకు దొరికిన వ్యవధి మాత్రమే.

చట్రానికి తుప్పు నిరోధక పూత వేయించదలచినవారు, ముందుగా అడుగుభాగం కడిగించి పూర్తిగా ఆరనివ్వాలి. ఉప్పు మీద వేసిన పూత ఉప్పును లోపల బంధిస్తుంది. పైభాగానికి ఏడాదికి రెండు మూడు పర్యాయాలు మైనపు పాలిష్ పెడితే ఉప్పు నేరుగా రంగును తాకదు. ఫైబరు గోడలు ఎండకు పాలిపోయి, చేతికి తెల్లని పొడి అంటుతుంటే అది కూడా మైనపు పూత కరవైనందుకు చిహ్నమే. వాహనం రంగు మొత్తంగా మార్చదలిస్తే, నమోదు పత్రంలో రంగు కూడా రాసి ఉంటుంది గనుక, ముందుగా ప్రాంతీయ రవాణా కార్యాలయంలో విచారించాలి.

కిటికీలు, రబ్బర్లు, టైర్లు

గృహవాహనాల కిటికీలు చాలావరకు గాజువి కావు, యాక్రిలిక్ పలకలు. గాజు తుడిచే అమ్మోనియా ద్రవాలు, స్పిరిట్, పెట్రోలు తగిలితే వాటిలో వెంట్రుకవాసి చీలికలు పుడతాయి. మంచినీరు, కొద్దిగా షాంపూ, మెత్తని గుడ్డ చాలు. తలుపుల, కిటికీల చుట్టూ ఉండే రబ్బరు పట్టీలకు గ్రీజు గాని, ఇంజను నూనె గాని రాయరాదు; రబ్బరు ఉబ్బిపోతుంది. సిలికాన్ ఆధారిత లేపనం పలుచగా రాస్తే అవి మెత్తగా ఉండి నీటిని అడ్డుకుంటాయి.

వాడకం తక్కువగా ఉన్న వాహనాల్లో టైర్లు అరగకముందే ముసలివవుతాయి. టైరు పక్కభాగం మీద నాలుగంకెల ముద్ర ఉంటుంది. 3521 అని ఉంటే అది 2021వ సంవత్సరం 35వ వారంలో తయారైనదని అర్థం. అయిదేళ్లు దాటిన టైరును ఏటా నిపుణునికి చూపించాలని, పదేళ్లు దాటినదానిని గాడి ఎంత లోతున్నా మార్చాలని తయారీదారులు సాధారణంగా చెబుతారు. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదన్నది నాలుగు చక్రాల వాహనాలకు నియమం. నెలల తరబడి నిలిపి ఉంచే వాహనాన్ని అప్పుడప్పుడు కొంత కదిలించాలి. లేకుంటే బరువంతా ఒకే చోట పడి టైరు ఆకారం చెడుతుంది.

గ్యాసు గదికి గాలి కన్నాలు

బాహ్య సంరక్షణలో ప్రాణానికే సంబంధించిన అంశం ఒకటున్నది. వంట గ్యాసు గాలికంటె బరువైనది. కారితే నేలకు చేరి నిలుస్తుంది. అందుకే సిలిండరు ఉంచే గది అడుగున గాలి కన్నం ఉంటుంది. కొత్త రంగు, సీలెంటు, మట్టి, కందిరీగల గూడు, కన్నానికి అడ్డంగా పెట్టిన గోనెసంచి, వీటిలో ఏది దానిని మూసినా కారిన గ్యాసు వాహనంలోనే పోగవుతుంది. కడిగిన ప్రతిసారీ ఈ కన్నంలో వేలు పెట్టి చూడాలి. వాన లోపలికి వస్తున్నదని దానిని మూసివేయడం ఫలహారాల వ్యాన్లలో ముఖ్యంగా వారించవలసిన అలవాటు. సిలిండరు నిలిపే పళ్లెం, దానిని బిగించే పట్టీ తుప్పుపట్టినట్లయితే వెంటనే మార్చాలి.

నిలిపే చోటు, కప్పే గుడ్డ

తీరంలో రాత్రి మజిలీ చేయవలసి వస్తే, సముద్రానికి వాహనానికి మధ్య ఒక కట్టడమో సరుగుడు తోపో ఉండేలా నిలపాలి. ఉప్పు తుంపరలో గణనీయమైన భాగం ఆ అడ్డు మీదనే పడుతుంది. చెట్టు కొమ్మల కిందనే నిలిపితే జిగురు, పక్షుల రెట్టలు పడతాయి. రెట్టలోని ఆమ్లం ఎండలో రంగును తింటుంది గనుక అదే రోజు తడిపి తీయాలి. ప్లాస్టిక్ టార్పాలిన్ కప్పడం మేలనిపిస్తుంది గాని, అది తేమను లోపల బంధిస్తుంది; గాలికి కొట్టుకొని రంగును రాపాడుతుంది కూడా. గాలి ఆడే గుడ్డతో కుట్టిన కప్పును బిగుతుగా కట్టాలి, లేదా రేకుల షెడ్డులో నిలపాలి.

పండుగలను బట్టి పట్టిక

తేదీలు మరచిపోయినా పండుగలు మరువము. అందుచేత ఈ కింది క్రమం సులభంగా ఉంటుంది.

ఉగాది: టైర్లు, రబ్బరు పట్టీలు, కిటికీలు పరీక్షించి, ఎండకు ముందుగా మైనపు పాలిష్ పెట్టాలి.

రజ పండుగకు ముందు: జూన్ మధ్యలో వర్షాలు ఆరంభమవుతాయి గనుక మే నెలాఖరుకే పైకప్పు అతుకులు సరిచేయాలి. సీలెంటు ఆరడానికి పొడి రోజులు కావాలి.

విశ్వకర్మ పూజ మొదలు దసరా వరకు: వానాకాలపు నష్టాన్ని లెక్క చూసుకొని తుప్పు మరమ్మతులు చేయించాలి. పూజలో రాసిన పసుపు, కుంకుమలు, తొక్కించిన నిమ్మకాయల రసం, గుమ్మడికాయ గుజ్జు ఆ సాయంత్రమే కడిగివేయాలి. పసుపు తెల్లని ఫైబరు మీద మరకగా నిలుస్తుంది; నిమ్మరసం జింకును, అల్యూమినియాన్ని తింటుంది.

సంక్రాంతి: అడుగుభాగం కడిగించి, పొడి వాతావరణంలో చట్రానికి పూత వేయించడానికి ఇదే అనువైన కాలం. తలుపుల కీళ్లకు, మెట్టుకు, నిచ్చెన మరలకు నూనె పెట్టాలి.

తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు

2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ వద్ద, గంటకు సుమారు 200 కిలోమీటర్ల వేగం గల గాలులతో తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పొరుగునే శ్రీకాకుళం జిల్లాలో తీరం దాటి గంజాం, గజపతి జిల్లాలను ముంచెత్తింది. ఎత్తైన పక్కగోడలు గల గృహవాహనం గాలికి తెరచాప వంటిది. హెచ్చరిక వెలువడగానే గుడారపు పట్టీని మడిచి కట్టాలి. కప్పు మీది పెట్టెలు దించాలి. గ్యాసు సిలిండరు కవాటం మూయాలి. వాహనాన్ని చెట్లకు, విద్యుత్ స్తంభాలకు, పల్లపు ప్రదేశాలకు దూరంగా, వీలైతే పక్కా భవనం మాటున నిలపాలి. ఎవరూ దానిలో తలదాచుకోరాదు. వాహనాన్ని కాపాడుకోవాలన్న తాపత్రయంతో అందులోనే ఉండిపోవడం ప్రమాదకరం. నిర్దేశించిన ఆశ్రయానికి వెళ్లాలి.

తుఫాను వెలిసిన తరువాత వాహనం చక్రాల ఇరుసు మునిగేంత నీటిలో నిలిచి ఉంటే ఇంజను ఆడించకుండా మెకానిక్కును పిలవాలి. విద్యుత్ తీగ ఏదైనా తాకుతూ ఉంటే దగ్గరకు పోరాదు. ఆపద లేదని తేలిన వెంటనే మంచినీటితో పైనా కిందా కడగాలి. తుఫాను గాలి మోసుకొచ్చిన ఉప్పు మామూలు రోజుల్లోకన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా పట్టి ఉంటుంది. ఆ మొదటి వారంలో కడిగిన వాహనానికీ, అలాగే వదిలిన వాహనానికీ తేడా వచ్చే వానాకాలానికి స్పష్టంగా కనబడుతుంది.